రెక్కల పొడి

మా ఆడపడుచు మాట్లాడుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ముక్కూ నోరూ కలిపి ఈ మాస్క్ బిగించాక మా ఇద్దరికీ ఇంత చక్కగా పొసగుతోంది గానీ, ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క మాట పూర్తిచేసేదాకా నేను ఆగిన పాపాన పోలేదు. పక్క మంచం ముసలావిడ కోడళ్ళ సంగతి, కింద క్యాంటీన్‌లో టీ కుడితినీళ్ళలా ఉన్న సంగతి, లారీ మీద ఎక్కడో దారిలో ఉన్న వాళ్ళ అన్నయ్య, అంటే మా ఆయన, ఫోన్ ఎత్తని సంగతి, ఒకదాని కొస పట్టుకుని ఇంకొకటి వస్తున్నాయి. మిషన్ ఊదినప్పుడు నేను పీల్చాలి, అది ఆగినప్పుడు వదలాలి. ఊపిరి నాది, పెత్తనం దానిది. మొదట్లో దాంతో పోట్లాడాను, నేను వదలబోతుంటే అది ఊదేది, చాలు చాలంటున్నా వినకుండా వడ్డించే చుట్టాల్లాగా. ఇప్పుడు సర్దుకుపోయాను. తిండి కూడా ముక్కులో వేసిన సన్నగొట్టంలోంచే పోతుంది, నమలాల్సిన పని లేదు, రుచి చూడాల్సిన పని లేదు. ఎడమచేతికి సెలైన్, కుడిచేయి మంచం ఊచకి గుడ్డపట్టీతో కట్టి ఉంది. మెత్తగానే కట్టారు, అయినా కట్టు కట్టే. వార్డులో ఇప్పుడే లైట్లు వేశారు, కిటికీ అవతల ఇంకా కాస్త వెలుతురుంది. ఈ వేళకి అక్కడ నేను పనిచేసే గదిలో పెట్టెల మూతల కింద పురుగుల కదలిక మొదలవుతుంది. పక్కగదిలో ఎవరో చీర మడత విప్పుతున్నంత చప్పుడు, అంతకు మించదు, అలవాటైన చెవికే అందుతుంది. పగలంతా గూట్లో ముడుచుకు పడుకున్నవి పొద్దు వాలాకే గూడు చీల్చుకుని బయటికొస్తాయి. వెలుతుర్లో పుట్టడం వాటికి సిగ్గు అనేది మా పెద్దక్క. గదిలో అందరికంటే ముందు చేరినావిడ, అందరికీ పెద్దక్కే, సూపర్‌వైజరమ్మకి కూడా.

అది ఎటునుంచి వచ్చిందో చూడలేదు. మా ఆడపడుచు భుజం మీదుగా ఏదో కదిలింది, కళ్ళు మూసి తెరిచేలోపు నా మాస్క్ అంచు మీద వాలి ఉంది. చిటికెనవేలి గోరంత ఉంటుంది. బూడిద రంగు. రెక్కలు ఒంటికి హత్తుకునేలా మడిచి రెండు పక్కలకీ ఇంటికప్పులా వాల్చుకుంది. తెలియనివాళ్ళు చూస్తే ఎండుగడ్డి ముక్క ఎగిరొచ్చి పడిందనుకుంటారు. నాకు మాత్రం పరాయి ఊళ్ళో మన వీధి మనిషి ఎదురైనట్టయింది. సీసాలో గుంపులు గుంపులుగా చూశాను గానీ, కంటికి ఆనుకుని ఒక్కదాన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు. మూతి ముందుకి పొడుచుకొచ్చి ఉంది, అంటే ఆడది. మగదానికి మూతి మొండిగా ఉంటుంది. పొట్ట నిండుగా ఉంది, ఇంకా గుడ్లు పెట్టలేదు. మాస్క్ అంచులోంచి చిమ్మే గాలికి దాని మీసాలు వెనక్కి వాలిపోతున్నాయి, అయినా కదలదు. నువ్వెలా వచ్చావే ఇక్కడికి అని అడగాలనిపించింది. నవ్వొచ్చింది కూడా. నవ్వితే మిషన్ ఒప్పుకోదు, కూత పెడుతుంది, అందుకని కళ్ళతోనే నవ్వుకున్నాను. అప్పుడు చూసింది మా ఆడపడుచు.

“అయ్యో వదినా, పురుగు. కదలకు, కొడతాను,” అంటూ తువ్వాలు మడిచింది. నేను తల అడ్డంగా ఊపాను. “భయపడకు, నేనున్నాగా.”

సగం జీవితం పురుగుల మధ్య గడిపినదానికి ఒక్క పురుగంటే భయమేమిటని ఆవిడకి తోచదు. తువ్వాలు నా ముక్కు మీదుగా ఒక్క ఊపు ఊపింది, మాస్క్‌కి తగల్లేదు, అదే నయం. పురుగు లేచి ఒకసారి తడబడి, నా మంచానికీ పక్క మంచానికీ మధ్య వేలాడే తెర మడతలోకి పోయింది. దీపం దగ్గరికి పోలేదు. దీపం చుట్టూ తిరిగి మాడి చచ్చేవి వేరే జాతి, పాటలూ పద్యాలూ కట్టేది వాటి మీదే. మా పురుగుకి అంత సరదాల్లేవు, ఒక చీకటి మూల ఉంటే చాలు. మా ఆడపడుచు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కోడళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

పురుగుల్ని చంపడం విన్నాం గానీ పెంచడమేంటమ్మా అని నవ్వేవాళ్ళు మా గది చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు. ముల్లుని ముల్లుతోనే తీయాలన్నట్టు, ఇదీ పురుగుతో పురుగుని తీసే విద్యే. మాకు కావలసింది రెక్కల పురుగు కాదు, దాని గుడ్లు. ఆ గుడ్లని అట్టల మీద అంటిస్తే, కంటికి ఆనని ఒక చిన్న ఈగ వచ్చి వాటిలో తన గుడ్లు పెట్టుకుంటుంది. ఆ అట్టలు చేలల్లో ఆకులకి తగిలిస్తే, పుట్టిన ఈగలు పైరుని తినే పురుగు గుడ్లని వెతుక్కుంటూ పోతాయి. మందు కొట్టక్కర్లేదు. ఎంత మంచి పని, ఎవరికీ హాని లేని పని అని సూపర్‌వైజరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, వెనకాల నిలబడి మేమూ తలలూపేవాళ్ళం. నిజంగానే మంచి పని. పగలగొట్టిన జొన్నలు వేడి చేసి, ఆరబెట్టి, పెట్టెల్లో పోసి, నల్లి పట్టకుండా కాస్త గంధకం కలిపి, పైన గసగసాలు చల్లినట్టు గుడ్లు చల్లి మూత పెట్టేస్తాం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు నూలుపోగంత ఉంటుంది, పుట్టీ పుట్టగానే తినడం మొదలుపెడుతుంది. తింటూ నోటి వెంట దారం వదులుతుంది, గింజకీ గింజకీ ముడి వేస్తుంది, కొన్నాళ్ళకి పెట్టె మొత్తం ఒక తెల్ల దుప్పటి కప్పుకుంటుంది. చెయ్యి పెడితే దుప్పటి కింద వెచ్చగా ఉంటుంది, లోపల అన్ని ప్రాణాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తింటుంటాయి కదా. కడుపు నిండాక ఎక్కడిదక్కడ గూడు అల్లుకుని పడుకుంటుంది. పిలిచినా పలకదు. ఆ తర్వాత ఒక సాయంత్రం చీర మడత విప్పిన చప్పుడు. బయటికొచ్చినదానికి రెక్కలుంటాయి, మీసాలుంటాయి, కళ్ళుంటాయి, తినే నోరు మాత్రం ఉండదు. తినాల్సిందంతా పురుగుగా ఉన్నప్పుడే తినేసింది. ఇక మిగిలింది జత కట్టడం, గుడ్లు పెట్టడం, పోవడం. అంతా ఒక వారం. గుడ్లు పెట్టాక ఆడదాని రెక్కల మీది పొడి రాలిపోయి అవి గాజులా తేలిపోతాయి, ఆ రెక్కలు చూసే దాని వయసు చెప్పేస్తాం. పనైపోయినవాటిని ఊడ్చి బయట పారబోస్తాం. గుడ్లన్నీ అట్టల మీదికే పోవు, కొన్ని విత్తనానికని పక్కన పెట్టి మళ్ళీ అదే పెట్టెలో చల్లుతాం.

పొద్దున్నే వాటిని పట్టడమే అసలు విద్య. మోటారు గొట్టం ఒకటి తెప్పించారు గానీ, అది మొగుడు ముద్దు చేసినట్టు ఉండదు, పోలీసు పట్టుకున్నట్టు ఉంటుంది అనేది పెద్దక్క. దాని లాగుడుకి రెక్కలు చిరిగిపోయేవి, చిరిగిన పురుగు సరిగా గుడ్లు పెట్టదు. అందుకని రబ్బరు గొట్టమే. ఒక కొస సీసా మూతలో, రెండో కొస మా నోట్లో, పురుగు నోట్లోకి రాకుండా మధ్యలో పలచటి గుడ్డ. సీసాకి ఉన్న రెండో గాజుగొట్టం పురుగు దగ్గర పెట్టి మెల్లగా పీలిస్తే సీసాలోకి జారుతుంది. గట్టిగా పీలిస్తే కొట్టుకుంటుంది, మరీ మెల్లగా పీలిస్తే ఎగిరిపోతుంది. పైనుంచి వెళ్ళకూడదు, బెదిరితే టపీమని కింద పడుతుంది, అందుకని ఎప్పుడూ కింది నుంచే వెళ్ళాలి. నాకు చేరిన నెలకే పట్టుబడింది. నీ ఊపిరి వెన్న అనేది సూపర్‌వైజరమ్మ. కొత్తగా ఎవరు చేరినా ఆమె వెనక నిలబడి చూడు, ఎలా పీలుస్తోందో చూడు అని నా దగ్గరికే పంపేది. బళ్ళో నేను దేంట్లోనూ మొదట రాలేదు, ఇంట్లో నా వంట బాగుందని ఎవరూ ఒక మాట అనలేదు. ఊపిరి పీల్చడంలో కూడా ఒకరు మెచ్చుకునేంత గొప్ప ఉంటుందని ఎవరనుకుంటారు.

చేరిన కొత్తలో గొంతులో వెంట్రుక చిక్కినట్టు ఒక దగ్గు వస్తుంది. జలుబు కాదు, కఫం ఉండదు, ఉత్త పొడి దగ్గు, మాట మధ్యలో అడ్డం పడుతుంది. మా గదిలో దాన్ని కొత్త దగ్గు అంటారు. అది వచ్చిందంటే పురుగు నిన్ను ఒప్పుకుందని లెక్క, అప్పటిదాకా చుట్టం చూపుగా వచ్చినదానివి, ఇప్పుడు ఇంటిదానివి. ఆ రోజు ఆ పిల్ల గదిలో అందరికీ టీ తాగించాలి. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, పెద్దక్క కంటే ముందునుంచే ఉందట. మొదటి దగ్గు వినపడగానే అందరూ గొట్టాలు పక్కన పెట్టి ఒకటే నవ్వు, ఇంకేం, టీ ఎప్పుడు, టీ ఎప్పుడు అని. నేనూ తాగించాను. గ్లాసులు ఒక్కొక్కళ్ళకీ నేనే గర్వంగా అందించాను. ఇంటికొచ్చి మా అమ్మాయికి ఆ సంగతంతా చెప్పాను, అప్పుడది చిన్నపిల్ల. దానికి ఆ కథ ఎంత నచ్చిందంటే రాత్రి పడుకోబోయే ముందు, అమ్మా టీ కథ చెప్పు అని ప్రాణం తీసేది. రాజకుమార్తెల కథలు చెప్పినా ఊరుకునేది కాదు. నేను దగ్గినట్టు నటించాలి, అది అందరిలా నవ్వాలి, ఖాళీ గ్లాసులో టీ తాగాలి, అప్పుడు గానీ నిద్రపోదు.

“వింటున్నావా వదినా,” అంది మా ఆడపడుచు. కళ్ళు మూసి తెరిచాను, వింటున్నాను అని. తెర మడతలో అది ఎక్కడుందో కనపడటం లేదు.

మొన్న కుర్ర డాక్టరు వచ్చాడు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. పొగ తాగే మనిషి కాదు, వయసు లేదు, ఊపిరితిత్తులు చూస్తే ఇలా గట్టిపడిపోయాయి, ఈమె ఏం పని చేస్తారు అని అడిగాడు. ఇంట్లో పావురాలున్నాయా, కోళ్ళ ఫారమా, ధాన్యం గోదామా, దూదిమిల్లా అని ఒక్కొక్కటే అడిగాడు, నా వైపు కాదు, మా ఆడపడుచు వైపు తిరిగి. నా నోరు కట్టేసి ఉంది కదా. మా ఆడపడుచు మొహం చిన్నబుచ్చుకుంది.

“అబ్బే, అలాంటి పనులేం కాదండి. ప్రయోగశాలలో ఉద్యోగం. తెల్లకోటు వేసుకుని చేసే పని.”

“దుమ్మూ ధూళీ ఏమన్నా ఉంటాయా అక్కడ?”

“దుమ్మా? చెప్పులు కూడా బయటే విడిచి వెళ్ళాలండి.”

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ నమ్మకం, మా ఇంటి కోడలు పురుగులు ఏరుతుందని నలుగురి ముందు ఏ నోటితో చెబుతుంది, పెళ్ళిళ్ళలో కూడా నా గురించి అలాగే చెప్పేది, నేనూ పైట సర్దుకుని ఊరుకునేదాన్ని. ఈకల పొడి, రెక్కల పొడి, ధాన్యం దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఇలా అవుతుంది, అందుకే అడిగాను, ముందు ఆ చోటు మానేస్తేగానీ మందులు పనిచేయవు, అలాంటిదేం లేదంటున్నారు కాబట్టి ఇంకేదో కారణం ఉండాలి అంటూ అతను నర్సుతో మాట్లాడుకుంటూ పక్క మంచానికి పోయాడు. రెక్కల పొడి. పొద్దున పూట కిటికీలోంచి ఎండ పడితే గదంతా వెండిపొడి తేలుతున్నట్టు మెరిసేది. మా కనుబొమ్మల మీద ఉండేది, చెవుల్లో ఉండేది, గుడ్లు శుభ్రం చేయడానికి జల్లెడ పట్టి నోటితో ఊదినప్పుడు మొహం మీదికి లేచేది. మధ్యలో ఉన్న గుడ్డ పురుగుని ఆపుతుంది, పొడిని ఎలా ఆపుతుంది? ఇన్నేళ్ళూ దాన్ని లోపలికి పీల్చాను, మెల్లగా, వెన్నలా, మెప్పు పొందుతూ. పెద్దక్క ఆయాసంతో మానేసింది, మెట్టు మెట్టుకీ కూర్చునేది, వయసని అనుకున్నాం. నవ్వించే చిన్నమ్మ ఒకతె ఉండేది, దగ్గి దగ్గి పని వదిలేసింది, పెళ్ళయి మానేసిందనుకున్నాం. అన్నీ ఒక్కసారి వచ్చి నెత్తిన పడ్డాయి. డాక్టరు పక్క మంచం దాటిపోతున్నాడు. నేను కుడిచేత్తో మాస్క్ పట్టీ లాగేశాను. నోరు తెరిచాను, గాలి రాలేదు, గాలి లేకపోతే మాట కూడా రాదని అప్పుడే తెలిసింది. మిషన్ కూత పెట్టింది, నర్సులు పరిగెత్తుకొచ్చారు, కళ్ళ ముందు చీకటి కమ్మింది. తెలివొచ్చేసరికి చెయ్యి ఊచకి కట్టి ఉంది. పెద్దావిడవి, చిన్నపిల్లలా లాగేసుకుంటావేంటమ్మా అంది నర్సు, కోపంగా కాదు. తర్వాత డాక్టరు వచ్చినప్పుడల్లా నేను అతని మొహంలోకి చూస్తాను, అతను మిషన్ మీది అంకెలు చూస్తాడు. నేను కన్నది మూగ కన్న కల అయింది.

అయినా ఒక ధైర్యం ఉండేది. నాదేముంది, నాతో పోతుంది. మా అమ్మాయి కాలేజీలో ఉంది, ఆ గదికీ దానికీ సంబంధం లేదు, ఆ మెట్లు కూడా అది ఎక్కలేదు. దాని ఊపిరి వేరు. ఈల వేస్తే వీధి చివర కుక్కలు తలెత్తుతాయి. ఆడపిల్ల ఈల వేయడమేంటే అని మేనత్త తిడితే, మగపిల్లాడు వేస్తే ఏమొస్తుందో అదే వస్తుంది అత్తా అని ఇంకా గట్టిగా వేస్తుంది. ఒకే దమ్ములో పాట పల్లవంతా ఈలలో లాగేస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకోదు, నేను వంటింట్లో గరిటె పట్టుకుని అది ఎక్కడ ఆగుతుందా అని నా ఊపిరి బిగబట్టుకుని వినేదాన్ని. అది ఆగేది కాదు, నేనే ఆగిపోయేదాన్ని. రోజూ ఈ వేళకి అది ఆస్పత్రి మెట్లెక్కుతూ ఈల వేస్తుంది, ఆస్పత్రి అని కూడా చూడదు, కింది మెట్టు దగ్గర మొదలైన ఈల వార్డు తలుపు దాకా తెగకుండా వస్తుంది. అప్పుడు ఈ మిషన్ ఏం ఊదుతోందో నాకు పట్టదు. ఈమధ్య కాస్త ఆలస్యంగా వస్తోంది. తలస్నానం చేసి తడిజుట్టుతో వస్తోంది. ఈ చలిలో రోజూ తల తడుపుకోవడమేంటని అడగాలనుకున్నాను, అడగలేను కదా.

తెర కదిలింది. గాలికి కాదు. అది నడుచుకుంటూ మడతలోంచి బయటికొచ్చింది, నా తలకి జానెడు దూరంలో, లైటు సూటిగా పడే చోట ఒక్క క్షణం ఆగింది. అప్పుడు చూశాను. రెక్కల మీద పొడి ఎక్కడా చెదరలేదు, కొత్త చొక్కా వేసుకున్నట్టు నిండుగా ఉంది. నిన్న సాయంత్రం పుట్టి ఉంటుంది, మొన్న అయితే కాదు. నేను ఇక్కడికొచ్చి రెండు వారాలు దాటింది. వచ్చిన రోజే నా బట్టలు మార్చారు, తల దువ్వి జడ వేశారు, నా ఒంటి మీద వచ్చిన పురుగు ఏదన్నా ఉంటే అది ఎప్పుడో చచ్చి ఉండాలి. నాతో వచ్చింది కాదు ఇది. సరే, ఆస్పత్రి వంటింట్లో బియ్యం బస్తాల్లో పుట్టిందేమో, ఏ ఇంట్లో బియ్యానికైనా ఈ పురుగు పడుతుంది, మనసుకి అలా సర్దిచెప్పబోయాను. కానీ అది ముందుకాళ్ళతో మీసాలు తుడుచుకుంటోంది, ఆ కాళ్ళకీ పొట్ట అంచుకీ పచ్చటి పొడి అంటి ఉంది. గంధకం. అన్నం వండుకునే బియ్యంలో గంధకం ఎవరూ కలపరు. మా గది పురుగు. నిన్న సాయంత్రం మా గదిలో పుట్టి, ఎవరి జుట్టులోనో, ఏ చున్నీ మడతలోనో ఎక్కి ఇక్కడ దిగింది. మా గది నుంచి ఈ వార్డుకి రోజూ వచ్చేవాళ్ళు ఎవరున్నారు?

సూపర్‌వైజరమ్మ ఒకసారి వచ్చింది, కానీ అది చాలా రోజుల కిందట. పళ్ళు తెచ్చింది, తినలేను కదా, ఆవిడే బల్ల మీద వరసగా పేర్చింది. నా కాలి మీద చెయ్యి వేసి, నీ వరస ఎవరికీ ఇవ్వనులే, మీ ఇంట్లోనే ఉంటుంది, నువ్వు బెంగపెట్టుకోకు అంది. మా గదిలో ఒక్కొక్కళ్ళకీ ఒక్కో వరస పెట్టెలుంటాయి. లేచి వచ్చేదాకా నా పెట్టెలు నాకే ఉంచుతానని అంటోందనుకున్నాను. మా ఆడపడుచు ఆవిడకి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, కళ్ళు కూడా తుడుచుకుంది, ఇంత మాటకి అంత దండమా అనుకున్నాను. మా అమ్మాయి ఆవిడని సాగనంపడానికి గేటు దాకా వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. మర్నాటి నుంచే తడిజుట్టు. పని దిగేముందు మేమందరం తలస్నానం చేస్తాం, పొడి పోవాలని. పై పొడి పోతుంది. నేను చెయ్యి లాగాను, కట్టు బిగిసింది. మళ్ళీ లాగాను, ఊచ గలగలమంది. మిషన్ ఊదబోతుంటే నేను వదిలాను, నేను పీల్చబోతే అది ఆగింది, పొంతన తప్పి పొట్ట ఎగిసిపడింది.

“ఏంటి వదినా? నొప్పా? నీళ్ళా?” నా చూపు పట్టుకుని తెర వైపు తిరిగింది. “ఓస్, ఆ పురుగేనా. దాని సంగతి చూస్తా ఉండు.”

కాదు. పురుగు కాదు. నీ మేనకోడల్ని అడుగు, ఆ డాక్టరుని పిలువు, పరువు సంగతి తర్వాత చూసుకుందువుగాని, ఒక్క మాట, మా వదిన పురుగులు పెంచుతుందండీ అని ఒక్క మాట చెప్పు, ఇంతసేపటినుంచీ ఎన్ని వేల మాటలు చెప్పావు, అందులో అది ఒక్కటి ఉంటే నీ సొమ్మేం పోయేది. ఇదంతా కళ్ళతో అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే అతను ఎముక కొరుకుతున్నావా అన్నాడట, ఆవిడ దిండు సర్ది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మెత్తటి చెయ్యి ఆవిడది. నన్ను ప్రేమగానే చూసుకుంటోంది, అదే నాకు దిక్కు తోచనివ్వడం లేదు. చెడ్డవాళ్ళయితే తిట్టుకునైనా ఊరట పడేదాన్ని. సూపర్‌వైజరమ్మ మంచిది, డాక్టరు తెలివైనవాడు, నర్సు ఓర్పుగలది, మా ఆడపడుచు ఇల్లు వదులుకుని వచ్చి నా పక్కన కూర్చుంది, అందరూ మంచివాళ్ళే, అందరూ కలిసి నా బిడ్డని ఆ గదిలోకి పంపారు. పంపి నాకు మేలు చేశామనుకుంటున్నారు.

మెట్ల మీద ఈల. వినపడుతోంది, అదే పాట, అదే పల్లవి, పైకెక్కుతోంది, మలుపు తిరిగింది. వద్దే, అక్కడే ఆగు అనాలో, తొందరగా రా అనాలో తెలియలేదు. మిషన్ ఊదింది, పీల్చాను. పల్లవి సగంలో ఈల తెగింది. ఎవరన్నా ఎదురై ఉంటారు, నర్సు కసిరి ఉంటుంది, ఆస్పత్రిలో ఈలలేంటని. కొంచెం ఆగి మళ్ళీ మొదలైంది, మొదటినుంచి కాదు, తెగినచోటి నుంచి. మళ్ళీ తెగింది. తర్వాత ఉత్త అడుగుల చప్పుడే తలుపు దాకా వచ్చింది.

ఇవాళ జుట్టు తడిగా లేదు. పరుగెత్తుకొచ్చినట్టుంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, నుదుటి దగ్గర జుట్టు మొదట్లో సన్నగా ఏదో మెరుస్తోంది. ఏదో ఆనందం దాచుకోలేక పెదవి కొరుక్కుంటోంది, చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిన్నప్పటి మొహం. వంగి నా చెంపకి చెంప ఆనించింది. ఆ వాసన నాకు తెలియనిది కాదు, ఇన్నేళ్ళు నా చీరల్లోంచి వచ్చిన వాసనే, వేడిచేసిన జొన్న, కాస్త గంధకం. అప్పుడు దాని చూపు తెర మీద పడింది. వాళ్ళత్తలా అయ్యో అనలేదు, తువ్వాలు అందుకోలేదు. బల్ల మీది కాగితపు గ్లాసు తీసుకుంది, పైనుంచి కాకుండా కింది నుంచి తీసుకెళ్ళి, తెరకి ఆనించి, చూపుడువేలితో మడతని ఒక్కసారి తట్టింది. పురుగు గ్లాసులోకి జారింది, ఒక్క రెక్క కూడా కొట్టుకోలేదు. గ్లాసు మీద అరచెయ్యి మూసి లోపలికి తొంగిచూసింది.

“ఆడది,” అంది తనలో తాను.

“ఎలా తెలిసిందే నీకు?” అని మా ఆడపడుచు నవ్వి, నా వైపు తిరిగింది. “ఇక చెప్పేయ్ తల్లీ. ఎన్నాళ్ళు దాస్తావు? ఇదిగో వదినా, నువ్వు లేచి కూర్చున్నాక చెబుదామనుకున్నాం.”

మా అమ్మాయి గ్లాసుని పొట్టకి ఆనించుకుని నా మంచం మీద కూర్చుంది. దాని గోళ్ళ అంచుల్లో పచ్చగా ఉంది.

“నీ వరస నాకే ఇచ్చారమ్మా. దూరవిద్యకి మారిపోయాను, చదువు పోలేదులే, భయపడకు. గొట్టం మొదటి రోజే పట్టుబడింది, ఒక్క రెక్క కూడా చిరగలేదు. మీ అమ్మ ఊపిరే వచ్చింది నీకు అన్నారు మేడమ్.”

తల అడ్డంగా ఊపాను. మెడ నొప్పెట్టేదాకా ఊపాను. మాస్క్ పక్కకి జరిగింది, గాలి బుస్సుమని కళ్ళలోకి కొట్టింది, మిషన్ కూత అందుకుంది. నర్సు వచ్చి పట్టీ బిగించి, ఏమ్మా, మళ్ళీ మొదలుపెట్టావా అంటూ రెండో చేతికి కూడా పట్టీ వేసింది. నా కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి నాకు చెయ్యి లేదు.

“చూశావా, ఎంత సంతోషపడుతోందో,” అంది మా ఆడపడుచు, తన కళ్ళూ తుడుచుకుంటూ. “ఏడవకు వదినా, బంగారంలాంటి పిల్ల.”

బంగారం తన చున్నీ కొసతో నా కళ్ళు తుడిచింది. చున్నీ మీది వెండిపొడి నా రెప్పలకి అంటుకుంది, రెప్పలార్పితే మెరిసింది. ఎంత చూపు కూడదీసుకుని దాని కళ్ళలోకి చూశానో నాకే తెలుసు. అదీ నా కళ్ళలోకి చూసింది, నా బిడ్డ కదా, ఒక్క క్షణం ఏదో తట్టినట్టు దాని కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి, తట్టిందనే అనుకున్నాను. తర్వాత మొహం విప్పారింది. నేను ఏ కబురు కోసం ఎదురుచూస్తున్నానో పట్టేసినట్టు, చిన్నప్పుడు దుప్పటి కింద దూరినట్టు, నా చెవి దగ్గరికి వంగింది.

“అమ్మా, అసలు సంగతి చెప్పలేదు కదూ. ఇవాళ గదిలో అందరికీ టీ నేనే తాగించాను.”